చిలుక ఆగిన చోటు

అనగా అనగా, ఏడు సముద్రాలకు ఇవతలి గట్టున ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రమంటే ఇష్టం. నడిపివాడికి కత్తంటే ఇష్టం. చిన్నవాడు కువలయుడికి ఏదిష్టమో ఎవరూ అడగలేదు.

ఒకరోజు ధూమకేశుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. వాడి గడ్డం పొగలా నేల మీద పారుతోంది.

"మహారాజా, నా దగ్గరొక చిలుక ఉంది. అది లోకంలోని కథలన్నీ విన్నది. ఎవరు ఏ కథ అడిగితే ఆ కథ చెబుతుంది. చిలుక నాది, కనుక కథలూ నావే. మీ ఊళ్లో తిరుపాలమ్మ అనే మనిషి నా వెండిజింక కథను తనదని చెప్పుకు తిరుగుతోంది. దాని నోటికి లక్కముద్ర వేయించండి."

తిరుపాలమ్మను పిలిపించారు. ఊరూరా కథలు చెప్పి బతికే మనిషి. వెంట కూతురు చెంగల్వ వచ్చింది.

"ఆ కథ నేను కట్టిందే దొరా," అంది తిరుపాలమ్మ.

"సాక్ష్యం ఉందా అమ్మా?" అన్నాడు రాజు.

"కథకు సాక్ష్యమేంటి దొరా? నోట్లోంచి వచ్చింది, గాల్లో పోయింది."

మాంత్రికుడు నవ్వాడు. "నా చిలుక పక్క రాజ్యంలో మూడేళ్ల కిందటే ఆ కథ చెప్పింది. నూరుమంది విన్నారు. పిలిపించమంటారా?"

రాజుకు ఎటూ తోచలేదు. ఆయన తాతలు పొలంగట్ల తగవులు తీర్చారు, ఆవుల తగవులు తీర్చారు. చిలుక తగవు ఎవరూ తీర్చలేదు. మూడు పున్నములు గడువు పెట్టాడు. ఆలోగా తిరుపాలమ్మ మాట రుజువు కాకపోతే లక్కముద్రే.

"నాయనలారా, పైరాజ్యాల్లో ఇలాంటి తగవు వస్తే ఏం చెప్పారో కనుక్కు రండి," అన్నాడు కొడుకులతో.

పెద్దవాడు తూర్పుకు వెళ్లాడు. మొదటి పున్నమికి తిరిగొచ్చాడు. "నాన్నగారూ, వినడం తప్పు కాదట. పిల్లలు వినే నేర్చుకుంటారు, చిలుకా అంతేనట."

మాంత్రికుడు గడ్డం దువ్వుకున్నాడు.

నడిపివాడు పడమరకు వెళ్లాడు. రెండో పున్నమికి తిరిగొచ్చాడు. "వినడం తప్పు కాదట. దొంగచాటుగా దూరి వింటే మాత్రం తప్పేనట."

"దూరినట్టు ఎవరు చూశారు?" అన్నాడు మాంత్రికుడు. ఎవరూ చూడలేదు.

"నేను చిలుకనే అడుగుతాను," అన్నాడు చిన్నవాడు.

అన్నలు పకపకా నవ్వారు. "న్యాయం తెమ్మంటే పిట్టను తెస్తాడట!"

చెంగల్వ నవ్వలేదు. గుమ్మం దగ్గర అతన్ని ఆపింది. "దాన్ని చంపకండి యువరాజా. మా అమ్మ మరిచిపోయిన కథలు కూడా దాని దగ్గరే ఉన్నాయి."

మాంత్రికుడి చిలుక ఉండేది ఏడు సముద్రాల అవతలి దీవిలో. ఇవతలి గట్టున ముసలి తాబేలు ఎండ కాచుకుంటోంది.

"ఎక్కడికి నాయనా?"

"చిలుక దగ్గరికి తాతా."

"మెడ నులమడానికా? ఆ మాంత్రికుడి ప్రాణం దాన్లోనే ఉందని అందరూ అందుకే వస్తారు. ఎవర్నీ ఎక్కించుకోను."

"కాదు తాతా. ఒక మాట అడగాలి."

"అయితే ఎక్కు."

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కాస్త తూలింది. నేతి సముద్రంలో అలలు లేవు. పెరుగు సముద్రం మీద కొంగలు నడుస్తున్నాయి. పాలసముద్రంలో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. మంచినీళ్ల సముద్రం దగ్గర కువలయుడు దోసిలి ముంచి తాగాడు. అవతల దీవి. దీవి మీద తలుపు లేని పంజరం.

"ఏ కథ కావాలి?" అంది చిలుక.

"కథ వద్దు. వెండిజింక కథ ఎక్కడ విన్నావు?"

చిలుక తల పక్కకు వంచి చూసింది. "ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు," అంది.

పంజరం ఊచలు మంచులా కరిగిపోయాయి.

"నాకు తెలియదు బాబూ. కథలే గుర్తుంటాయి, ఇళ్లు గుర్తుండవు. విన్నది విన్నట్టు చెప్పగలను, అంతే."

"అది చాలు. రా."

మూడో పున్నమి నాటి పగలు. కొలువులో కుంపటి మీద లక్క కరుగుతోంది. కువలయుడి భుజం మీద చిలుకను చూసి మాంత్రికుడి ముఖం పాలిపోయింది.

చిలుక మొదలుపెట్టింది. "ఒక వెండిజింక ఉండేది." ఆగింది. "దాని నీడ పోయింది." ఆగింది. "నీడను వెతుక్కుంటూ అడవి దాటింది." ఆగింది.

"ఎందుకు ఆగుతున్నావు?" అన్నాడు రాజు.

"ఇలాగే విన్నాను ప్రభూ."

"జింక ఏటి ఒడ్డుకు వచ్చింది," అంది చిలుక. ఆగింది.

మళ్లీ పలకలేదు. లక్క బుడబుడమంది. ఎవరో దగ్గారు.

"మరిచిపోయింది లెండి," అన్నాడు మాంత్రికుడు.

"మరవలేదు. ఇక్కడ ఇంతసేపూ ఏమీ లేదు," అంది చిలుక.

తిరుపాలమ్మ నేల మీద కూలబడింది.

"దొరా, ఆ రోజు వాన. నా బిడ్డకు ఏడేళ్లు. ఒళ్లు పెనంలా కాలుతోంది. వైద్యుడు వాగుకు అవతల ఉన్నాడు. నాకు చేతనైంది కథ ఒకటే. ఒక్కో మాటా కట్టుకుంటూ పోయాను. మాట మాటకూ అది ఊ కొట్టింది. ఊ అంటే బిడ్డ ఉన్నట్టు. జింక ఏటి ఒడ్డుకు వచ్చేసరికి ఊ రాలేదు."

"ఎంతసేపు రాలేదమ్మా?"

"చిలుక ఆగింది చూడండి, అంతసేపు."

చెంగల్వ తల్లి పక్కన కూచుని, చిలుక వైపు చూసి, "ఊ," అంది.

"జింక ఏట్లో దిగింది," అంది చిలుక.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "ఆ గదిలో ఎవరెవరున్నారు?"

"నేనూ నా బిడ్డే దొరా. తలుపు వేసే ఉంది. చూరులో చిలుకుందని నాకేం తెలుసు?"

"విన్నది చిలుక, నేను కాదు!" అన్నాడు మాంత్రికుడు.

"చిలుక నీదన్నావు కదయ్యా," అన్నాడు రాజు. "కూచో. వినడం తప్పు కాదు, చిలుకకు శిక్ష లేదు. దాన్ని పరాయి ఇంటి చూరులో దాచడం తప్పు, అది నీది. ఇక చిలుక ఎప్పుడైనా తనంతట తానే కథలల్లి చెప్పినా, వాటికి ఆసామీ లేడు. వాటి పేరు చెప్పి నువ్వెవరి నోరూ మూయలేవు."

కుంపటి ఆర్పించాడు. చిలుకను వదిలేయమన్నాడు. అది ఎగిరింది. మాంత్రికుడి ప్రాణం దాన్లోనే ఉంది కదా, వాడూ వెనకే పరుగెత్తాడు. అది ఏ ఊళ్లో వాలి కథ చెప్పినా, అది ఎవరి కథో ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని, వాళ్ల పేరు పైకి చెప్పాలి. రాజు వాడికి వేసిన శిక్ష అది. గడ్డం తొక్కుకుని ఎన్నిసార్లు పడ్డాడో!

కువలయుడు చెంగల్వ దగ్గరికి వచ్చాడు. "ఒక మాట అడగవచ్చా?"

"అడగడంలో మీకు మంచి పేరే ఉంది. అడగండి."

పెళ్లి ఏడు రోజులు జరిగింది. అన్నలిద్దరూ వడ్డించారు. తాబేలు తాత కూడా వచ్చాడు, పాయసం మూడుసార్లు వేయించుకున్నాడు. రాజు ముసలివాడయ్యాక కువలయుడు, చెంగల్వ అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. వాళ్లకు ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ మూడు వేరు వేరు కథలు కావాలి, ఒకరిది ఒకరికి నచ్చదు. తిరుపాలమ్మకు తీరికే లేదు.

కథ తిరుపాలమ్మ ఇంటికి, మనం మన ఇంటికి.