గురవమ్మ కోనలో రెండు జానల వెదురు

గురవమ్మ కోన గుడిలో విగ్రహం లేదు. రాతి అరుగు మీద పసుపు పూసిన రెండు వెదురు ముక్కలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కటి జానెడు. కొత్తగా వచ్చినవారు "ఇంతేనా!" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. కాస్త కూర్చుని కథ విన్నాక వారే చెంపలు వేసుకుంటారు.

పూర్వం ఇక్కడ చెంచుల గుడిసెలు ఆరేడు ఉండేవి. వారిలో బయ్యన్న అనే వేటగాడు మంచి పొడగరి. ఆయన వెదురు విల్లు నేల మీద ఆనిస్తే రొమ్ముదాకా వచ్చేది. బయ్యన్న జ్వరంతో కన్నుమూశాక ఆ విల్లు కొడుకు ఈదన్నకు వచ్చింది. ఈదన్నది తల్లి గురవమ్మ పోలిక, పొట్టివాడు. అదే విల్లు అతని నెత్తి దాటిపోయేది. అయినా ఇంకో విల్లు పట్టనన్నాడు. దాని పిడి మీద తండ్రి చేతి నునుపు ఉంది మరి, ఎలా వదులుతాడు పాపం!

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. అడవిలో గడ్డలు దొరకలేదు. ఈదన్న భార్య లచ్చి పచ్చి బాలింత. తిండి లేక ఆమెకు పాలు పడలేదు, పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. ఈదన్న రోజూ వేటకు పోయేవాడు. పొదలో మోకాలి మీద వంగితే విల్లు కింది కొస నేలకు తగిలేది, పై కొస కొమ్మల్లో చిక్కుకునేది. ఆ చప్పుడుకు దుప్పి ఒక్క గెంతులో మాయమయ్యేది. వట్టి చేతులతో వచ్చి గుమ్మంలో కూలబడేవాడు.

గురవమ్మ చూసి చూసి ఒకనాడు అననే అంది. "కోయరా అయ్యా, నీ కొలతకు కోసుకో."

"నాయన విల్లు మీద కత్తి పెట్టమంటావా? నా చేతులు పడిపోవూ!" అని ఈదన్న కస్సుమన్నాడు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం గురవమ్మ ఇప్పచెట్టు కింద కునుకు తీసి లేచి, అందరినీ కేకేసింది. కలలోకి అడవితల్లి వచ్చిందట. "నీ కొడుకు రొమ్ముదాకా కొలిచి, మిగిలిన వెదురు నాకియ్యి" అందట. దైవమే అడిగాక ఈదన్న విల్లు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. గురవమ్మ అతన్ని నిలబెట్టి కొలిచింది. ఒక్క కొసే కోస్తే వంపు చెడుతుంది కనుక రెండు కొసలా జానెడేసి కోసింది. నడుమ పిడి, దాని మీది నునుపు అలాగే ఉండిపోయాయి. కురచైన విల్లు బిరుసెక్కుతుంది. ఈదన్న కళ్లు తుడుచుకుంటూ లోపలివైపు చెక్కి పలచన చేసుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కకముందే కొండగొర్రెను భుజాన వేసుకుని వచ్చాడు. నాలుగు రోజుల్లో లచ్చికి పాలు పడ్డాయి, బిడ్డ బతికి బట్టకట్టింది. కోసిన ముక్కలను ఈ అరుగు మీద నిలిపి అడవితల్లిగా కొలిచారు.

ఏళ్లు గడిచి గురవమ్మ మంచాన పడింది. కొడుకు చేయి పట్టుకుని, "అయ్యా, ఆనాడు నాకు ఏ కలా రాలేదురా. పసిది పోతుందని భయమేసి, దేవత పేరు పెట్టి అబద్ధమాడాను. ఆ తల్లి నన్ను ఏం చేస్తుందో!" అని ఏడ్చింది.

ఈదన్న బావురుమన్నాడు. "నా బిడ్డను బతికించావు, నీకేం తప్పమ్మా" అన్నాడు. ఆమె పోయాక కోన వారందరి ఎదుటా నిజం చెప్పి, ఆ ముక్కలకు తానే పసుపు పూసి, వాటిని తల్లి పేరుతో పిలిచాడు. ఎవరూ కాదనలేదు.

నేడు ఇక్కడ వేట లేదు. పాత ముక్కలను చెదలు తిన్నప్పుడల్లా అదే కొలతకు కొత్తవి నిలుపుతున్నారు. తల్లులు పిల్లలను అరుగు ముందు నిలబెట్టి, రొమ్ముదాకా వెదురు కర్ర కొలిచి కోసి, బిడ్డ చేతిలో పెడతారు. మిగిలిన ముక్క గురవమ్మకు చెల్లిస్తారు. బిడ్డల కోసం అబద్ధమాడి, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవారు కూడా ఇక్కడికే వస్తారు. ఆ మాట గురవమ్మ చెవిన వేసి, మనసు తేలికై ఇంటికి వెళతారు. ఆ తల్లి వినకపోతే ఇంకెవరు వింటారు!