చిలకలను నిలదీయరాదు

నల్లగుట్ట అడవిలో కబురు పంపాలంటే చిలకలే దిక్కు. ఒక్క జామపండు పెడితే చాలు, మీ మాట చుట్టాలింటికి చేరుస్తాయి. ఆ మాటే మంత్రి నక్క చెవిలోనూ ఊదుతాయని ఎవరికీ తెలియదు.

కుందేలమ్మకు తెలిసొచ్చింది. పిల్లల్ని ఏ బొరియలో దాచిందో చెల్లెలికి చిలకతో కబురంపితే, తెల్లారేసరికి అక్కడ తోడేళ్ళు! వెనక దారి ఉండబట్టి పిల్లలు దక్కాయి.

"చిలకల్ని సభలో నిలబెట్టి అడగాలి. లేకపోతే కొత్త బొరియ కూడా తోడేళ్ళకు తెలిసిపోతుంది" అని పట్టుబట్టింది.

నక్క ఊరుకుంటుందా? సభలో కొత్త చట్టం పెట్టింది. "అడవి క్షేమం కోసం చిలకలు ఎవరి మాటైనా వినొచ్చు, ఎవరికైనా చెప్పొచ్చు. చెప్పినందుకు వాటిని ఎవరూ నిలదీయరాదు."

గద్దె మీదున్న పులిది కోరల పక్షం. ఆ పక్షం జంతువులన్నీ సరేనంటూ పంజాలెత్తాయి. కొమ్ముల పక్షం పెద్ద అడవిదున్న మాత్రం రంకె వేసింది. "అన్యాయం!"

నక్క దాని పక్కకు చేరి గొంతు తగ్గించింది. "బావా, వానలు పడితే గద్దె వంతు మీదే కదా. అప్పుడు ఆ చెవులు మీకూ అక్కరకు రావూ?"

దున్న కాసేపు నెమరేసి కాలెత్తింది. చట్టం అయిపోయింది.

ఇంకొకరైతే ఏడుస్తూ ఇంటికి పోయేవారు. కుందేలమ్మ లేచి, పెద్దచిలక ముందు దోరజామపండు పెట్టింది.

"చిలకక్కా, ఇక నీకు భయం లేదుగా?"

"చట్టమే ఉంటే నాకేం భయం?"

"అయితే మంత్రిగారు నిన్న అత్తారింటికి ఏం కబురంపారో చెప్పు తల్లీ."

నక్క ఉలిక్కిపడేలోపే చిలక అందుకుంది. "'పులికి పళ్ళూడాయి, దున్నకు బుర్ర లేదు. ఈ చట్టం కానీండి, ఇద్దరి గుట్టూ నా గుప్పిట్లోనే. ఆ తర్వాత గద్దె నాదే' అన్నారు."

"నోర్ముయ్! ఎవరు చెప్పమన్నారే నిన్ను?"

"తప్పు మంత్రిగారూ" అంది కుందేలమ్మ నెమ్మదిగా. "చిలకల్ని నిలదీయకూడదు. చట్టం తమరిదే."

పులి, దున్న ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. నక్క నచ్చజెప్పకుండానే ఆ రెండు పక్షాలూ ఒక్కమాట మీదికి రావడం అడవిలో అదే మొదలు. చట్టం అక్కడికక్కడే రద్దయింది. చిలకలు సభ నడుమ తలవంచుకుని నిలబడ్డాయి. నక్క తోక ముడిచి పొదల్లోకి జారుకుంది.

కొమ్ముల్లేవు, కోరల్లేవు, దోసెడంత ప్రాణి! నాకైతే ఆ తల్లికి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ పూట ఆమె పిల్లలు కొత్త బొరియలో నిశ్చింతగా నిద్రపోయాయి.

నీతి: పొరుగిళ్ళ గోడలకు చెవులు మొలిపించేవాడు, తన ఇంటికీ గోడలున్నాయని మరవకూడదు.