కామందుగారి రెండు బిందెలు

పూర్వం ఒక పట్నంలో గవరయ్య అనే కామందు లోగిలిలో పది వాటాలకూ ఒకటే బావి. గుర్రాలకూ మల్లెతోటకూ నీళ్లన్నీ తనే తోడిస్తూ, "నాకు రోజుకు రెండు బిందెలే. బావి పన్ను అద్దెవాళ్లే కట్టాలి" అని దివానుగారి ముందు ప్రమాణం చేశాడు.

ఆ లోగిలిలోనే అద్దెకుండే, గాజులు అమ్ముకునే నూకాలు చేతులు జోడించింది. "అలాగే కడతాం దొరా. ఆయనకు ఆ రెండు బిందెలే ఇచ్చి, మిగతావి మావేనని తీర్పు చెప్పండి."

దివాను సరేనన్నాడు. గవరయ్య మీసం మెలేశాడు.

మర్నాడు తలంటుకు కూర్చుంటే, ఒళ్లు తడిసేసరికే రెండు బిందెలూ అయిపోయాయి. కుంకుడు నురగ కళ్లలోకి దిగింది.

"నీళ్లు! కళ్లు మంట!"

బావి గట్టు మీద నూకాలు చేద పట్టుకుని కూర్చుంది. "ఇవి మా నీళ్లు అయ్యగారూ. మీ లెక్కేమైనా మారిందా?"

"పన్నులో ముప్పాతిక నాదే! పొయ్యవే తల్లీ!"

లోగిలంతా వినేలా ఇంకోసారి చెప్పించి, అప్పుడు వంచింది చేద.