నాలుగు గీతలు

చిన్న కథే, చెప్పి వెళ్లిపోతాను. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల మీద శ్రద్ధ ఉన్నది చెదలకే. మనుషులు వైఫై కోసం వస్తారు. సర్పంచి కూడా వచ్చి, పేపరు తలకిందులుగా పట్టుకుని ఫోను చూస్తుంటాడు. సరే, ఆయన గొడవ మనకెందుకు.

ఆ వైఫై పెట్టెను చూసుకునేది నాగసులోచన. ఆమెకు పని నేర్పింది ఒకప్పటి రేడియో మెకానిక్ మృత్యుంజయం మాస్టారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

"మాస్టారూ, పెట్టె పవరు చివరిదాకా పెంచాను. చెరువు అవతల గుర్నాథం ఫోనులో సిగ్నలు గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. అయినా అతని కబురు పోదేం?" అని ఒక ఉదయం అడిగింది.

గుర్నాథం చేపల చెరువుకు కాపలా. పాకలో ఒక్కడే ఉంటాడు. చేపలు పోతాయని గట్టు దిగడు. అక్కడ వేరే సిగ్నలు అందదు. భార్య తాయారు అలిగి యానాంలో అక్కగారింటికి వెళ్లి నెలైంది. "రమ్మని ఒక్క మాట అను, వస్తాను" అని మరీ వెళ్లింది. అతను రోజూ "రా" అని పంపుతున్నాడు, జవాబు లేదు. నాలుగు గీతలున్నాక తప్పు ఆవిడదేనని ఊరంతా తేల్చింది. నేనూ తేల్చాను.

మాస్టారు పంచాయతీ మైకు అందుకున్నారు. "గుర్నాథం, అన్నం తిన్నావా?"

గొంతు చెరువు దాటింది. అవతల గుర్నాథం లేచి నిలబడ్డాడు. నోరు కదిలింది, మాట మాత్రం ఇవతలికి రాలేదు. సులోచన మైకు ఇంకా పెంచింది. అతను చెవులు మూసుకున్నాడు.

మాస్టారు మైకు కట్టేసి గట్టు వెంట నడిచారు. సగం దూరంలో, మోటారు షెడ్డు దగ్గర ఆగి, గొంతెత్తి మళ్లీ అడిగారు.

"తినలేదండీ" అని వినిపించింది.

సులోచన ఆ షెడ్డుకు ఇంకో పెట్టె బిగించి, రెండింటి పవరూ తగ్గించింది, ఫోను గొంతు తిరిగి పెట్టెకు ఎంత దూరం అందుతుందో అంతకే.

గుర్నాథం ఫోనులో రెండు గీతలే మిగిలాయి. ఉన్న ఆశా పోయిందనుకుని, ఫోను పాకలో పడేసి, తనే వెళ్లి పిలుస్తానని యానాం బస్సెక్కాడు. అతను గట్టు దిగిన కాసేపటికి, ఫోనులో ఆగిపోయి ఉన్న నెల రోజుల "రా"లన్నీ ఒకేసారి వెళ్లిపోయాయి. మధ్యాహ్నం బస్సుకు తాయారు దిగింది.

సాయంత్రం పాక ముందు ఒక్కతే కూర్చుని ఉంది. చేపలకు మేత ఆమే వేసింది.

"ఇప్పుడెలా మాస్టారూ?" అంది సులోచన.

"కబురు అందిందిగా అమ్మా" అన్నారాయన. "నువ్వడిగింది అంతవరకే."