పులిసిన పిండికి ప్రాణముందా?

ఏ రాజ్యమో నన్నడక్కండి గానీ, అక్కడి రాజుగారు నెల్లాళ్ళ వ్రతం పట్టి, ఏ ప్రాణిని చంపినా ఊరినుంచి వెళ్ళగొడతానని చాటింపు వేయించాడు. ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రికి అసలే అందరిమీదా అనుమానం. తెల్లవారుజామునే ఇద్దరు భటులతో, చేతిలో కాగడాతో, ఇడ్లీలమ్మే సింహాలమ్మ పాకలో దూరి పిండికుండలోకి వంగి చూశాడు.

"ఇది మినప్పప్పు తింటోంది, ఊపిరి వదులుతోంది, పెరుగుతోంది. గరిటెడు తీసి వేరే పిండిలో కలిపితే పిల్లల్నీ పెడుతుంది. ఇది ప్రాణే. ఉడికించావో, ఊరు విడవాల్సిందే."

"ఇదే నా బతుకు బాబయ్యా" అంటుండగానే, కాగడా మంట ఆయన కండువాకి అంటుకుంది.

"నీళ్ళు పొయ్యవే" అని కేకేశాడు.

సింహాలమ్మ బిందె ఎత్తింది గానీ వంచలేదు.

"ఇదీ మీ కండువా తింటోంది, గాలి పీలుస్తోంది, పెరుగుతోంది. మీ పంచెమీద పిల్లల్నీ పెట్టేలా ఉంది. చంపెయ్యమంటారా?"

"అది ప్రాణి కాదే."

"మరి పిండి?"

"అదీ కాదు, ముందు పొయ్యి."

భటులు విన్నారో లేదో చూసుకుని మరీ బిందె వంచింది.

తర్వాత వేడివేడి ఇడ్లీ ఆయనకీ ఒకటి పెట్టింది. పండితుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు విని, అప్పుడు తిన్నాడు.