కొమరవ్వ తూకం

ఒకప్పుడు మూడు రాజ్యాలు వర్తకం కోసం ఒక్కటయ్యాయి. నాలుగోది కొమరవ్వ వాళ్ళది, అది ఇంకా చేరలేదు. సరిహద్దు ఏటి గట్టు మీది సుంకం ఠాణాలో ఆమె నేసిన గొంగళ్ళను తూచి అవతలికి పంపేవారు గానీ ఆమెను పంపేవారు కాదు.

అవతలి ఒడ్డున కాపురముంటున్న కూతురికి జబ్బు ముదిరిందని కబురొచ్చింది. కొమరవ్వ పరుగున వచ్చి ఠాణా అధికారి కాళ్ళావేళ్ళా పడింది.

"ముందు వర్తకం పెరగాలి. ఆ తర్వాత మీ రాజ్యం చేరాలి. మనుషులు దాటేది అప్పుడే," అన్నాడతను మీసం దువ్వుకుంటూ. "అందాకా త్రాసులో తూగి, అవతల తీసుకునేవాళ్ళున్న సరుకుకే దారి. దాన్ని ఆపే హక్కు నాకు కాదుగదా, రాజుగారికే లేదు!"

కొమరవ్వ గొంగడి కప్పుకుని వెళ్ళి త్రాసులో కూర్చుంది.

"తూచండయ్యా. తీసుకునేది నా కూతురు."

చుట్టూ వర్తకులు చూస్తున్నారు. అన్న మాట మింగలేక అధికారి తూచాడు. మూడు మణుగులు తూగింది. పడవెక్కించాడు.

మర్నాడే ఆమె తిరిగొచ్చింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి త్రాసులో కూర్చుంది.

"అప్పుడే వచ్చేశావేం ముసలమ్మా?" అని నవ్వాడు అధికారి.

"తీసుకునేవాళ్ళు లేని సరుకును అక్కడ ఉంచుకోరు కదయ్యా," అంది కొమరవ్వ.