ఇత్తడి నోటి ఏడుపు

పూర్వం ఓ రాజ్యంలో, ఇనుము కరిగించే పెద్ద కొలిమికి ఆస్థాన యంత్రజ్ఞుడు విరూపాక్షుడు గాలి పోయే ఇత్తడి నోరొకటి బిగించాడు. తిత్తి నొక్కితే చాలు, పాడుబడ్డ బావిలోంచి ఎవరో ఏడ్చినట్టు ఊళ పెట్టేది. "ఇక వేడి మూడింతలు," అన్నాడతను.

నెల గడిచినా ఇనుము మునుపటంత నిదానంగానే కరిగింది. "నా యంత్రంలో లోపం లేదు ప్రభూ. కొలిమి ఆకలికి ఏడుస్తోంది, మనిషిని అడుగుతోంది," అంటూ తిత్తి నొక్కే ముసలి ఎర్రన్నను చూపించాడు. రాజు తలూపాడు.

బలినాటి ఉదయం ఎర్రన్నను కట్టేసి తెచ్చారు. అతని కూతురు గవరమ్మే తిత్తి పట్టింది. మూసిన కొలిమి ముందు ఇత్తడి నోరు ఎన్నడూ లేనంతగా ఏడ్చింది. రాజు నుదుటి చెమట తుడుచుకున్నాడు. విరూపాక్షుడు వెనక్కి జరిగి, "సెగకి ఒళ్లు కాలిపోతోంది ప్రభూ," అన్నాడు.

"అంత వేడిగా ఉందా అయ్యగారూ?" అంటూ గవరమ్మ మూత తీసి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది. ఆమె నెమ్మదిగా ఓ వెన్నముద్ద బయటికి తీసి రాజు అరచేతిలో పెట్టింది. అది కొంచెమైనా కరగలేదు.

"మొన్ననే నిప్పు ఆర్పేసి, పొద్దున ఈ వెన్న లోపల పెట్టాను ప్రభూ. నిప్పు లేని కొలిమిలోనూ ఈ నోరు ఇలాగే ఏడుస్తుంది. దీని మాట విని మా నాన్నని చంపుతారా?"

రాజు ఎర్రన్న కట్లు విప్పించాడు. తిత్తి ఆగింది, ఏడుపూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఒళ్లు కాలిపోతోందన్న మనిషి పళ్లు టకటకా కొట్టుకోవడం అందరికీ వినిపించింది.